నచ్చని ఆటగాడు నిష్క్రమించిన వేళ

తెలుగులో ఒక మనిషిని గురించి మాట్లాడేటప్పుడు, ఆ మనిషిపై మనకున్న అభిప్రాయం సర్వనామంలోనే బయటపడుతుంది. వాడు, అతడు, ఆయన - ఈ మూడు మాటల నడుమ ఉన్న దూరం చిన్నది కాదు. పాకిస్తాన్ బ్యాట్స్‌మన్ జావెద్ మియాందాద్‌ను మేము పదేళ్ళకు పైగా ‘వాడు’ అనే వ్యవహరించాం. ‘వాడు ఇంకా ఔట్ కాలేదా?’ అన్న ప్రశ్నను నంద్యాల టీ అంగళ్ళ ముందు ఎన్ని సాయంకాలాలు అడిగి ఉంటామో లెక్క లేదు. నేడు ఆ మనిషినే ‘ఆయన’ అంటున్నాం. ఈ మార్పు మాలో ఎలా వచ్చినదో, రావడానికి ఎందుకు ఇంత ఆలస్యమైనదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కళాశాల వార్షిక సంచికలో క్రికెట్ ప్రసంగం ఎందుకని కమిటీ పెద్దలు సందేహించవచ్చు. విద్యార్థి తరగతి గదిలో నేర్చుకొనేది ఒకటి, మైదానం అంచున కూర్చుని నేర్చుకొనేది మరొకటి. మొదటిది పరీక్షకు వస్తుంది. రెండవది పరీక్షకు రాదు గాని బ్రతుకంతా వెంట వస్తుంది. గెలిచినప్పుడు ఎలా ప్రవర్తించాలి, ఓడినప్పుడు ఎవరిని నిందించాలి, ఎదుటి పక్షంవాడు వెళ్ళిపోయేటప్పుడు లేచి నిలబడాలా, కూర్చుని నవ్వాలా - ఇవన్నీ చదువులో భాగాలే అని మా నమ్మకం.

ఈ తరం విద్యార్థులు మియాందాద్ ఆటను చూచి ఉండరు. కనుక రెండు మాటలు చెప్పక తప్పదు. 1976లో లాహోరులో న్యూజిలాండ్‌పై ఆడిన మొదటి టెస్టులోనే ఆయన 163 పరుగులు చేశాడు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు. మొత్తం 124 టెస్టులలో 8,832 పరుగులు, 23 సెంచరీలు సాధించాడు. టెస్టు జీవితం మొదలైన నాటి నుండి ముగిసే వరకు ఒక్కసారి కూడా ఆయన సగటు 50కి దిగువకు పడిపోలేదు. 1975 నుండి 1996 వరకు వరుసగా ఆరు ప్రపంచకప్పులు ఆడిన మొదటి ఆటగాడు ఆయనే. 2011లో సచిన్ టెండూల్కర్ ఆరవ ప్రపంచకప్పు ఆడేవరకు ఈ ఘనత మరొకరికి దక్కలేదు. ఈ అంకెలన్నీ మాకు నాడు కూడా తెలుసు. తెలిసే ద్వేషించాం.

ఎందుకు ద్వేషించాం? మొదటి కారణం, మన బౌలర్ల పట్ల ఆయన చూపిన నిర్దాక్షిణ్యం. 1983 జనవరిలో హైదరాబాదు టెస్టులో భారతదేశంపై అజేయంగా 280 పరుగులు చేశాడు. ముదస్సర్ నజర్‌తో కలిసి మూడవ వికెట్‌కు 451 పరుగులు జోడించాడు. ఆ వార్త విని మన హైదరాబాదులోనే ఇంత ఘోరం జరిగినదని కొందరు చిన్నవాళ్ళం కంగారు పడ్డాం. అది సింధు రాష్ట్రంలోని హైదరాబాదు అని తెలిసిన తరువాత కొంత ఊరట కలిగినది గాని, స్కోరు మాత్రం మారలేదు.

రెండవ కారణం ఆయన ప్రవర్తన. ఫీల్డర్లను కవ్వించడం, వికెట్ల నడుమ ఏదో ఒకటి అంటూ ఉండడం ఆయన అలవాటు. 1981లో పెర్త్ మైదానంలో డెనిస్ లిల్లీ ఆయనను కాలితో తన్నడం, ఆయన బ్యాటు ఎత్తడం లోకమంతా చూచినది. 1992 మార్చి 4న సిడ్నీలో భారత్, పాకిస్తాన్ జట్లు ప్రపంచకప్పులో మొట్టమొదటిసారి తలపడిన రోజున, మన వికెట్ కీపర్ కిరణ్ మోరే పదే పదే అప్పీలు చేస్తున్నాడని ఆయన బ్యాటు రెండు చేతులా పట్టుకొని కప్పవలె గెంతాడు. ఆనాడు మనం 43 పరుగులతో గెలిచాం. అయినా మరునాడు అందరి నోటా వినిపించినది మన గెలుపు కాదు, ఆ గెంతులే.

అన్నిటికంటె పెద్ద కారణం షార్జా. 1986 ఏప్రిల్ 18, శుక్రవారం. ఆస్ట్రలేషియా కప్పు ఫైనలులో పాకిస్తాన్ గెలవడానికి 246 పరుగులు కావాలి. చివరి వికెట్ మిగిలి ఉన్నది, చివరి బంతి మిగిలి ఉన్నది, నాలుగు పరుగులు మిగిలి ఉన్నవి. చేతన్ శర్మ యార్కర్ వేయబోగా అది ఫుల్‌టాస్ అయినది. మియాందాద్ దానిని సిక్సరుగా మలిచాడు. 116 పరుగులతో అజేయంగా నిలిచి రెండు చేతులూ పైకెత్తి పరుగెత్తాడు.

ఆ సాయంకాలం మేము నంద్యాలలో ఒక మిత్రుని ఇంటి వరండాలో ఉన్నాం. టీవీ ఉన్న ఇల్లు వీధికి ఒకటైనా లేని కాలం అది. ఆ వరండాలో ఇరవై మందికి పైగా కూర్చున్నాం. మాలో ఉర్దూ ఇంటి పిల్లలూ ఉన్నారు, తెలుగు ఇంటి పిల్లలూ ఉన్నారు. ఆ బంతి గాలిలోకి లేచినప్పుడు అందరి నోళ్ళూ ఒకేసారి మూతపడినవి. మా మిత్రుడొకడు, బౌలింగ్ అంటే ప్రాణం పెట్టేవాడు, మోకాళ్ళ మధ్య తల పెట్టుకొని కన్నీళ్ళు పెట్టుకొన్నాడు. అంతలో గేటు దగ్గర నిలబడి చూస్తున్న ఒక పెద్దమనిషి అతని వైపు తిరిగి, ‘ఏమప్పా, ఈ రాత్రి మీ ఇంట్లో పండగేనా?’ అన్నాడు. పరిహాసానికే అని ఉండవచ్చు. మిత్రుడు తల ఎత్తలేదు. తల ఎత్తితే కన్నీళ్ళు కనిపించి ఉండేవి, సమాధానం చెప్పవలసిన పని కూడా ఉండేది కాదు. కాని తన కన్నీళ్ళను సాక్ష్యంగా చూపించడం అతనికి ఇష్టం లేకపోయినది. అతని పక్కన కూర్చున్న మేము కూడా నోరు విప్పి ఒక్క మాట అనలేదు. ఆ మౌనం నేటికీ మమ్మల్ని బాధిస్తున్నది.

ఆనాటి నుండి మియాందాద్ అంటే మాకు రెండింతల కోపం. ఆట ఓడించినందుకు ఒకటి, మమ్మల్ని మా వీధిలోనే అనుమానితులను చేసినందుకు మరొకటి. రెండవ నేరం ఆయనది కాదని నేడు తెలుస్తున్నది. బంతిని కొట్టినది ఆయన, ప్రశ్న అడిగినది మరొకరు. అయినా ప్రశ్న అడిగినవారిపై కోపగించే ధైర్యం లేనప్పుడు, దూరాన ఉన్నవానిపై కోపగించడం సులువు.

ఆ కోపం మన సొంత ఆటగానికి కూడా అన్యాయం చేసినది. చేతన్ శర్మకు అప్పటికి ఇరవై ఏళ్ళే. ఆ ఒక్క బంతికి ఆయనను దేశమంతా తిట్టినది, మేమూ తిట్టాం. మూడు నెలలు తిరగకముందే, 1986 జూలైలో, అదే చేతన్ శర్మ ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ టెస్టులో పది వికెట్లు తీశాడు. 1987లో నాగపూరులో న్యూజిలాండ్‌పై ప్రపంచకప్పు చరిత్రలోనే మొదటి హ్యాట్రిక్ సాధించాడు. అయినా ఆయన పేరు చెప్పగానే జనానికి గుర్తుకు వచ్చేది ఆ ఫుల్‌టాస్ మాత్రమే. ఎదుటివానిపై ద్వేషం పెంచుకొన్నప్పుడు అది అక్కడితో ఆగదు. వాని చేతిలో ఓడిన మనవానిని కూడా కాలుస్తుంది.

ఇక ఆయన నిష్క్రమణ సంగతి. 1996 మార్చి 9, శనివారం. ప్రపంచకప్పు క్వార్టర్ ఫైనల్ బెంగుళూరు చిన్నస్వామి మైదానంలో దీపాల వెలుగులో జరిగినది. మన జట్టుకు నాయకుడు హైదరాబాదు బిడ్డ మహమ్మద్ అజహరుద్దీన్. మరొక హైదరాబాదీ వెంకటపతి రాజు కూడా ఆనాడు జట్టులో ఉన్నాడు. సిద్ధూ 93 పరుగులు చేయగా, చివరలో అజయ్ జడేజా 25 బంతులలో 45 పరుగులు చేశాడు. మన స్కోరు 287. పాకిస్తాన్ 39 పరుగుల తేడాతో ఓడినది. మియాందాద్ తన 38వ ఏట, 38 పరుగుల వద్ద రనౌట్ అయ్యాడు. అదే ఆయన చివరి అంతర్జాతీయ ఆట.

ఆ రాత్రి మేము ఉద్యోగరీత్యా ఆళ్లగడ్డలో ఉన్నాం. ఒక అంగడి ముందు బల్లపై టీవీ పెట్టారు. వీధి వీధంతా అక్కడే ఉన్నది. మియాందాద్ రనౌట్ కాగానే లేచిన కేకలలో మా కేకే అందరికంటె పెద్దది. ‘పీడ వదిలినది, ఇక రాడు’ అని అరిచాం. ఆ అరుపులో సంతోషం ఎంతో, సాక్ష్యం అంతే ఉన్నది. పదేళ్ళ క్రితం వరండాలో మా మిత్రుడు ఇవ్వడానికి ఇష్టపడని సాక్ష్యాన్ని ఆనాడు మేము ఎవరూ అడగకుండానే ఇచ్చాం. నలుగురూ చూడాలని అరిచిన అరుపు అది.

మా వెనుక ఒక వృద్ధ శిల్పి కూర్చుని ఉన్నాడు. ఆళ్లగడ్డ శిల్పుల సంగతి పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ ఊరి వీధులలో ఉలి చప్పుడు వినని ప్రయాణికుడు ఉండడు. ఆ తాతకు ఆట నియమాలు పూర్తిగా తెలియవు. అయినా మా వంక చూచి, ‘ఇన్నేండ్లు మిమ్మల్ని నిద్ర పోనీకుండా చేసినోడు పోతాండాడు. అట్లాంటోడు పోయేటప్పుడు కూర్చోని ఎగతాళి చేస్తారా? గట్టి రాయి ఎదురు రాకుంటే ఉలి పదును ఎట్లా తెలుస్తాదప్పా?’ అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. కాని ఆ నవ్వు సగంలోనే ఆగిపోయినది.

ఆ రాత్రి బెంగుళూరు మైదానంలోనే ఉన్న చరిత్రకారుడు రామచంద్ర గుహ తరువాత తన పుస్తకంలో ఆ ఘట్టాన్ని రాశారు. మియాందాద్ తిరిగి వెళుతుండగా తాను లేచి చప్పట్లు కొట్టడం, ఇక ఈ మనిషిని చూడబోమన్నదే పక్కవానికి సంతోషంగా ఉండడం ఆయన అందులో చెప్పారు. ఆ మైదానంలో లేచి నిలబడినవారు బహు కొద్దిమంది. మేము అక్కడ ఉండి ఉంటే లేచేవాళ్ళమా? లేచేవాళ్ళం కాము. ఇష్టం లేక కాదు. లేచి నిలబడిన వాని పేరు ఏమిటని ఎవరైనా అడుగుతారేమోనన్న భయం చేత. గుహ గారికి లేచే ధైర్యం ఉన్నది, సంతోషించవలసిన విషయమే. కాని లేవడానికి ఒక్కొక్కరికి ఒక్కొక్క వెల ఉన్నదని కూడా విజ్ఞులు గ్రహించాలి.

కక్ష అంటే ఏమిటో మన ప్రాంతంవారికి ఇతరులు చెప్పనక్కరలేదు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెలు ఒకప్పుడు కక్షలకు ఎంత మూల్యం చెల్లించినవో పెద్దలందరికీ తెలుసు. తాతల నాటి తగాదా తండ్రికి, తండ్రి నుండి కొడుకుకు ఆస్తివలె సంక్రమించేది. తగాదా ఎందుకు మొదలైనదో తెలియని పిల్లవాడు కూడా ఎదుటి ఇంటి పిల్లవానితో మాట్లాడేవాడు కాదు. కక్షకూ పోటీకీ ఉన్న తేడా ఇదే. పోటీకి ఒక హద్దు ఉన్నది, ఒక వేళ ఉన్నది, అది ముగిసినదని చెప్పడానికి ఒక అంపైరు ఉన్నాడు. కక్షకు ఈ మూడూ లేవు. మియాందాద్ బ్యాటు పట్టగా ఏనాడూ చూడని నేటి కుర్రవాడు ఆయన పేరు వినగానే పళ్ళు కొరికితే, అది క్రీడాభిమానం కాదు, వారసత్వంగా వచ్చిన కక్ష.

పోయే ప్రత్యర్థికి గౌరవం ఇవ్వడం మన దేశానికి కొత్త కాదు. ఆసిఫ్ ఇక్బాల్ మన హైదరాబాదులో పుట్టినవాడు, రంజీ ట్రోఫీలో హైదరాబాదు పక్షాన ఆడినవాడు, భారత జట్టుకు నాయకత్వం వహించిన గులాం అహ్మద్‌కు మేనల్లుడు. 1961లో పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. ఆ దేశానికి నాయకుడై తిరిగి మన దేశానికి వచ్చి, 1980 ఆరంభంలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో తన చివరి టెస్టు ఆడాడు. ఆయన ఔటై వెళుతుండగా ఆ మహా జనసమూహం లేచి నిలబడి చప్పట్లు కొట్టినది. దేశం విడిచి వెళ్ళినవాడని ఆనాడు ఎవరూ చేతులు కట్టుకొని కూర్చోలేదు.

మరొక ఉదాహరణ. 1999 జనవరి 31న మద్రాసు చేపాక్ మైదానంలో సచిన్ టెండూల్కర్ 136 పరుగులు చేసినా, మన జట్టు పాకిస్తాన్ చేతిలో 12 పరుగుల తేడాతో ఓడినది. గుండె పగిలే ఓటమి. అయినా చేపాక్ ప్రేక్షకులు లేచి నిలబడి పాకిస్తాన్ ఆటగాళ్ళకు చప్పట్లు కొట్టారు. ఆ జట్టు మైదానం చుట్టూ తిరిగి వారికి వందనం చేసినది. ఆనాటి పాకిస్తాన్ జట్టు కోచ్ ఎవరు? జావెద్ మియాందాదే. బెంగుళూరులో ఎగతాళి మధ్య వెళ్ళిన మనిషి మూడేళ్ళకే మరొక దక్షిణాది నగరంలో ఆ చప్పట్లు విన్నాడు. ఆ వార్త చదివినప్పుడు, ఆళ్లగడ్డలో మేము పడిన అప్పును ఎవరో కొంత తీర్చినట్లు అనిపించినది.

అయితే ఒక ఊరు మంచిది, ఒక ఊరు చెడ్డది అని తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. 1980లో ఆసిఫ్ ఇక్బాల్‌కు లేచి నిలబడిన అదే ఈడెన్ గార్డెన్స్‌లో, చేపాక్ టెస్టు జరిగిన మరుసటి నెలలోనే, టెండూల్కర్ రనౌట్ విషయమై అల్లరి జరిగినది. చివరకు ప్రేక్షకులను బయటకు పంపి, ఖాళీ మైదానంలో ఆట ముగించవలసి వచ్చినది. కనుక ఔదార్యం ఏ ఊరి సొత్తూ కాదు. ప్రతి తరం, ప్రతి ఆటనాడు, దానిని కొత్తగా ఎంచుకోవలసి ఉన్నది.

దీనికి ఆక్షేపణలు ఉండవచ్చు. మియాందాద్ తరువాతి జీవితంలో అన్నీ మెచ్చుకోదగినవేనా? కావు. మన దేశం ముంబయి పేలుళ్ళ కేసులో వెతుకుతున్న దావూద్ ఇబ్రహీం కుటుంబంతో ఆయన 2005లో వియ్యమందాడు. అది ఇక్కడ ఎందరినో నొప్పించినది, మమ్మల్నీ నొప్పించినది. ఆ నొప్పి న్యాయమైనదే. సరిహద్దులో ప్రాణాలు కోల్పోయిన సైనికుల కుటుంబాలకు, ఉగ్రవాదుల చేతిలో ఆప్తులను కోల్పోయినవారికి ‘ఆటను ఆటగా చూడండి’ అని ఉపదేశించే అర్హత కూడా మాకు లేదు. మేము చెప్పేది అంతకంటె చిన్న విషయం. ఒక మనిషి క్రీజులో చేసిన పనిని క్రీజు కొలతతో కొలవాలి. బయట చేసిన పనిని బయటి కొలతతో కొలవాలి. రెండు కొలతలనూ కలిపితే లెక్క ఏదీ సరిగా తేలదు.

ఇంకొక మాట కూడా ఉన్నది. దేశభక్తికి ద్వేషాన్ని గుర్తింపు కార్డుగా అడగడం తప్పు. అడిగినా అడగకపోయినా దానిని చూపించడం కూడా తప్పే. మొదటి తప్పు నంద్యాల వరండాలో ఒకరు చేశారు. రెండవ తప్పు ఆళ్లగడ్డలో మేము చేశాం. మా మిత్రుడు ఆనాడు పెట్టిన కన్నీళ్ళు దేశం కోసం పెట్టినవే. కాని అవి అతని సొంతం. వాటిని తనిఖీ చేసే అధికారం ఎవరికీ లేదు.

మన కళాశాలలో రెండు భాషలు వినిపిస్తవి. ఉర్దూలో పోటీదారును ‘హరీఫ్’ అంటారు, పగవానిని ‘దుష్మన్’ అంటారు. తెలుగులో ప్రత్యర్థి వేరు, శత్రువు వేరు. రెండు భాషలూ ఈ భేదాన్ని జాగ్రత్తగా కాపాడుతూ వచ్చినవి. రెండు భాషలూ చదువుకొన్న మనం ఆ భేదాన్ని పోగొట్టుకొంటే, ఆ చదువు ఎందుకు?

నేటి విద్యార్థులకు మాకు దొరికిన అవకాశం కూడా దొరకలేదు. 2007 డిసెంబరులో అదే బెంగుళూరు మైదానంలో జరిగిన టెస్టు తరువాత ఈ రెండు దేశాల నడుమ టెస్టు ఆట జరగలేదు. అయినా 2023 అక్టోబరు 10న మన హైదరాబాదు ఉప్పల్ మైదానంలో పాకిస్తాన్ జట్టు శ్రీలంకపై 345 పరుగుల లక్ష్యాన్ని ఛేదించినప్పుడు, మహమ్మద్ రిజ్వాన్ అజేయ సెంచరీకి తెలుగు నేలపై చప్పట్లు మ్రోగినవి. ప్రపంచకప్పులో అంత పెద్ద లక్ష్యాన్ని అంతకుముందు ఏ జట్టూ ఛేదించలేదు. మంచి ఆటకు చేతులు వాటంతట అవే కలుస్తవని ఆ రోజు మరొకసారి తెలిసినది.

కనుక విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం, కమిటీ పెద్దలకు ఒక సూచన. నంద్యాల జట్లకూ ఆళ్లగడ్డ జట్లకూ నడుమ పోటీ ఎంత వేడిగా ఉంటుందో మీకు తెలుసు. ఎదుటి జట్టులో మిమ్మల్ని ఏటేటా ఏడిపించే ఆటగాడు ఒకడైనా ఉంటాడు. వాడు చదువు ముగించి చివరిసారి ఆడి వెళ్ళే రోజున మన పిల్లలందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టాలి. దీనికి డబ్బు ఖర్చు కాదు, తీర్మానం అక్కరలేదు. వ్యాయామోపాధ్యాయులు ఒక్క మాట చెబితే చాలు. ఒక ఆచారంగా నిలబడుతుంది. లేచి నిలబడినవారిలో ఎవరి పేరు ఏమిటని ఎవరూ అడగని చోటు మన మైదానం కావాలి.

మియాందాద్ మాకు నాడు నచ్చలేదు. నిజం చెప్పాలంటే ఆయన ఆడిన తీరులో కొంత నేటికీ నచ్చదు. ఆ సిక్సరు గుర్తుకు వస్తే నేటికీ కడుపులో మండుతుంది. అది మండుతూనే ఉండనిండు, అది అభిమానిగా మా హక్కు. ఆళ్లగడ్డ వీధిలో ఆ రాత్రి లేవవలసినది లేవలేదు. ఇన్నేళ్ళ తరువాత ఈ పుటలో లేచి నిలబడి, ‘ఆయన గొప్పగా ఆడాడు’ అంటున్నాం.